అడ్డంగా పెట్టిన చెట్టు

మంచుదారి మొదలయ్యే చోట, ఒడ్డున, సూదుల్లాంటి ఆకులున్న స్ప్రూస్ చెట్టు ఒకటి అడ్డంగా పడి ఉంది. లవోన్ ట్రక్కు ఆపి దాన్నే చూస్తూ కూర్చుంది.

చలికాలంలో సరస్సు గడ్డకట్టాక లవోన్ ఉండే దీవి వాళ్ళు అవతలి ఊరికి మంచు మీదుగానే వెళ్తారు. దారి పొడుగునా స్ప్రూస్ మొక్కలు నరికి మంచులో పాతుతారు. అవి నిలబడి ఉన్నంతకాలం దారి ఉన్నట్టు. రెండు ఒడ్డుల్లోనూ చెట్టు అడ్డంగా పెడితే మూసేసినట్టు. ఎందుకు మూశావని ఎవరూ అడగరు. వెనక్కి తిరిగి ఇంటికి పోతారు. మొక్కలు పాతే పనీ, చెట్టు పెట్టే పనీ చాలా ఏళ్ళుగా లవోన్ భర్త గార్త్‌వే.

ఈరోజు పదింటికి అవతలి ఊళ్ళో ఆమె పరీక్ష.

లవోన్ తొమ్మిదో తరగతితో బడి మానేసింది. నర్సు కావాలన్న కోరిక మాత్రం మానలేదు. బడి సర్టిఫికెట్లు లేకపోయినా, వయసు వచ్చినవాళ్ళు ఈ పరీక్షా, దాని తర్వాత ఒక ఇంటర్వ్యూ గట్టెక్కితే యూనివర్సిటీ చేర్చుకుంటుంది. ఈ వైపు ఊళ్ళకు పరీక్ష ఏడాదికి ఒక్కసారే. ఆమెకిప్పుడు నలభై మూడు. అవతలి ఊళ్ళో ఉండే హాల్సన్ టీచర్ రెండు చలికాలాలుగా ఫోన్‌లో ఆమెకు లెక్కలు చెబుతోంది. ఇంకో ఏడాది ఆగితే తనలో ఈ పట్టుదల మిగలదని లవోన్‌కు తెలుసు. గార్త్‌కు కూడా తెలుసు.

పొద్దున అతను టీ కలుపుకుంటూ చెప్పాడు. "దారి మూసేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు లేవకముందు. మధ్యలో పగిలింది."

"పెద్ద పగులా?"

"డాక్టరమ్మగారికి కొలతలు కావాలా?" నవ్వాడు. "వచ్చే ఏడు రాద్దువులే. యూనివర్సిటీ ఎక్కడికీ పోదు. పోయేదల్లా నువ్వే."

చివరి మాట చాలా మెల్లగా అన్నాడు. గార్త్ ఎప్పుడూ గొంతు పెంచడు. కొట్టడు, తిట్టడు. అతను మెత్తగా మాట్లాడినప్పుడే ఇంట్లో గాలి ఆడనట్టు ఉండేది. అతను వలల షెడ్డులోకి వెళ్ళేదాకా ఆగి, ఆమె మంచును తొలిచే బర్మా ట్రక్కులో వేసుకుని బయలుదేరింది.

ఇప్పుడు దిగి, చెట్టు దాటి నడిచి, బర్మా పెట్టి తిప్పింది. మంచు చాలాసేపటికి గానీ తెగలేదు. చెయ్యి లోపలికి పెట్టి చూసుకుంది. భుజం దాకా మంచే. నీళ్ళు దాని కింద ఎక్కడో నల్లగా ఉన్నాయి. ఇంకొంచెం ముందుకు వెళ్ళి మళ్ళీ తొలిచింది. అక్కడా అంతే.

ట్రక్కును చెట్టు పక్కనుంచి తిప్పి సరస్సు మీదికి దించింది. బెల్టు పెట్టుకోలేదు. అద్దాలు దించింది. మంచు మీద అందరూ చేసేదే అది, మునిగితే బయటపడడానికి. నడక కన్నా కొంచెం వేగంగా పోనిచ్చింది. చక్రాల కింద మంచు మూలుగుతోంది. చలిలో మంచు మూలగడం మంచిదే, చప్పుడు లేనప్పుడే భయపడాలి అనేవాడు గార్త్, పెళ్ళైన కొత్తలో ఆమెకు ఈ దారి నేర్పుతూ. ఆ గొంతును ఇప్పటికీ నమ్మబుద్ధేస్తుంది.

నడుమ ఒక పగులు కనిపించింది. పైకి తెల్లగా అతుక్కుపోయి ఉంది. అటూ ఇటూ తొలిచి చూసి దాటింది.

అవతలి ఒడ్డు దగ్గరపడింది. అక్కడ అడ్డంగా చెట్టు లేదు.

లవోన్ ట్రక్కు ఆపి, దిగి, ఒడ్డు పొడుగునా వెతికింది. దారి నిజంగా మూస్తే ఇక్కడా ఒక చెట్టు ఉండాలి.

పరీక్షలో ముందు ఒక వ్యాసం ఇచ్చారు, తర్వాత భిన్నాల లెక్కలు. గదిలో అందరికన్నా పెద్దది ఆమే. చదివిన వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చింది. అయినా అన్నీ రాసింది.

బయటికి వచ్చేసరికి దీవిలో వాళ్ళ పక్కింట్లో ఉండే ముసలాయన ఎల్మర్, ఎదురుగా ఉన్న ఒక కొట్టు ముందు తన ట్రక్కులో కూర్చుని ఉన్నాడు.

"నువ్వెలా వచ్చావు ఎల్మర్?"

"నీ చక్రాల జాడ పట్టుకుని. గార్త్ పెళ్ళామే పోయిందంటే దారికేం భయం అనుకున్నాం. నా వెనక ఇంకో ఇద్దరొచ్చారు." నవ్వాడు. "మొగుడి చెట్టు దాటొచ్చావు, ఇంటికెళ్తే టీ నీళ్ళైనా పోస్తాడా?"

ఆమెకు నవ్వు రాలేదు.

పరీక్ష అయ్యాక లవోన్ హాల్సన్ టీచర్ ఇంటికి వెళ్ళింది. చీకటి పడబోతుండగా గార్త్ వచ్చి ఆ ఇంటి తలుపు తట్టాడు. టోపీ తీసి టీచర్‌కు నమస్కారం పెట్టాడు.

"రా లవోన్. నీ ట్రక్కు ఇక్కడే ఉండనీ, రేపు తెచ్చుకుందాం. నాతో రా."

"ఈ ఒడ్డున చెట్టు ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది ఆమె.

"ఎలా పెట్టను? నడుమ నీళ్ళు తేలాయి. ఇటు దాటి రాలేకపోయాను."

"ఇప్పుడెలా వచ్చావు?"

"నీ జాడలోనే. చలికి మళ్ళీ గట్టిపడ్డట్టుంది." అతని కళ్ళు కదలలేదు. "నువ్వు బతికి బయటపడ్డావు కాబట్టి నేను అబద్ధమాడానంటావా?"

లవోన్ అతని ముఖంలో వెతికింది. నిజం చెబుతున్నప్పుడూ, చెప్పనప్పుడూ ఆ ముఖం ఒకలాగే ఉంటుందని ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. ఇంటర్వ్యూ ఇంకా ఉంది, దానికీ ఈ సరస్సు దాటే రావాలి. అప్పటికి ఎండ ముదురుతుంది, మంచు పలచబడుతుంది. ఆ రోజు చెట్టు అడ్డంగా ఉంటే ఆగాలో దాటాలో ఆమెకు ఎలా తెలుస్తుంది?

"నేను రాను. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

"తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

గార్త్ తలూపాడు. టోపీ పెట్టుకున్నాడు. "చలిలో నిలబడకు," అన్నాడు మెత్తగా, వెళ్ళిపోయాడు.

ఆమె మెట్ల మీదే నిలబడింది. ట్రక్కు ఎర్ర దీపాలు సరస్సు మీద చిన్నవవుతూ పోయాయి. నడుమకు చేరేసరికి ఆగాయి. కాసేపటికి ఎరుపు పోయి రెండు తెల్ల దీపాలు కనిపించాయి. ట్రక్కు ఇటు తిరిగింది. కానీ రావడం లేదు. ఉన్న చోటే, ఆమె వైపు చూస్తూ నిలబడింది.

"ఇంజను ఏమైనా చెడిందంటావా?" అంది వెనక నుంచి హాల్సన్ టీచర్. "ఎల్మర్‌కు ఫోన్ చేద్దామా? లేక నువ్వే వెళ్తావా?"

లవోన్ ఆ దీపాల వైపే చూసింది. నిజంగా ఆపదలో ఉన్నాడేమో. లేదా తను వస్తుందని అక్కడ కాచుకుని ఉన్నాడేమో. పిలుపు రెండు విధాలా ఒకటే.

"ఎల్మర్‌కే చేయండి," అంది చివరికి. "నేను వెళ్ళను."

లోపలికి వచ్చి కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. టీచర్ ఫోన్‌లో మాట్లాడుతుంటే, గోడ మీద పడ్డ ఆ దూరపు వెలుగు కదులుతుందేమోనని చూస్తూ ఉంది. అది కదలలేదు.