మొగిలి చేతికి చేసిన కత్తి

నేను ఒక కత్తిని. మడిచి జేబులో వేసుకునే రకం కాదు. మొన నుంచి పిడి లోపలి దాకా ఒకే ముక్క ఇనుము. ఇంతవరకు దేన్నీ కోయలేదు. ఒక్క టమాటాను మాత్రం నొక్కాను. ఆ సిగ్గుమాలిన సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు నేనుండేది హైదరాబాదులో ఒక హస్తకళల భవనం, రెండో అంతస్తు, అద్దాల పెట్టె. నా ముందు ఒక చీటీ పెట్టారు: ‘గ్రామీణ కత్తి. పదును లేనిది. అలంకారం కోసం.’ అలంకారమట! మా ఊరి తాటివనంలో ఆ మాట అని చూడండి, పడి పడి నవ్వుతారు.

నన్ను చేసినవాడు కమ్మరి సదానందం. సమ్మెట కొట్టింది ఆయన భార్య లచ్చవ్వ. అంతకుముందు నేనొక లారీ కమాను పట్టీని. ఏళ్ళ తరబడి ఇసుక లోడు మోసి విరిగాను. నన్ను చేయించుకున్నవాడు మొగిలి, తాటిచెట్టెక్కి కల్లు గీసే మనిషి. సదానందం టేపుతో కొలతలు తీసుకోడు. తడి మట్టిముద్ద చేతిలో పెట్టి ‘పిస్కు’ అంటాడు. మొగిలి ఎడమ చేత్తో పిసికాడు, ఆయనది ఎడమచేతి వాటం. ఒకసారి చెట్టు మీంచి జారినప్పుడు ఆయన చిటికెన వేలు విరిగి వంకరగా అతికింది. ఆ వేలు మట్టిలో లోతుగా దిగింది. తుమ్మకర్ర పిడిలో సరిగ్గా అక్కడే, అంతే గుంట తీశాడు సదానందం.

ఇక పదును. మా దగ్గర గీత కత్తికి కమ్మరి చివరి పదును పెట్టడు. అంచు దాకా తెచ్చి ఆపేస్తాడు. మొదటి పదును వాడుకునేవాడే పెట్టుకోవాలి, తన చెక్క మీద, తన రాతిపొడితో, తన మణికట్టు ఎటు వాలితే అటు. కల్లు కారాలంటే తాటిగెల కొసను ఉల్లిపొరంత పల్చగా చెక్కాలి. లోతుగా తెగిందా, గెల పాడైపోతుంది. ఆ వాలు మొగిలి చేతికే తెలుసు. పదును పడేదాకా కత్తి ఎవరిదీ కాదు.

నేను మొగిలి కోసం కాచుకుని ఉన్న వారంలోనే ఉత్తరం వచ్చింది. హైదరాబాదులో చేతికత్తుల పోటీ. మేటి పనివాడిని ఎంచుతారు. గెలిచినవాడికి జిల్లాలోని కల్లుగీత సొసైటీలన్నిటికీ కత్తులు చేసే ఆర్డరు. సదానందం కొలిమి అప్పటికే వారానికి రెండు రోజులు మండితే గొప్ప. ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టు నిండా మిషన్ కత్తులు వేలాడుతున్నాయి. ఆర్డరు వస్తే కొలిమి బతుకుతుంది, రాకపోతే ఆరిపోతుంది. గడువు నాలుగు రోజులే. ఇంకో కత్తి చేసే టైము లేదు.

“నాదే తీస్కపో అన్నా,” అన్నాడు మొగిలి. “పదును పెట్టియ్యమంటవా?”

“నువ్వు పెడితె నీదైతదిరా. నీది ఆళ్ళకెట్లిస్తం? ఎవలు వాడుకుంటరో ఆళ్ళే పెట్టుకుంటరు.”

“పట్నపోళ్ళకు గివన్ని ఎర్కేనా?” అంది లచ్చవ్వ.

“కత్తులకు మార్కులేసేటోళ్ళకు ఎర్కలేకుంట ఉంటదానే?”

ఆయన చేసిన తప్పు ఇదొక్కటే. మార్కులేసేవాడికి పని తెలిసి ఉంటుందని నమ్మాడు.

పోటీ ఈ భవనంలోనే. హాల్లో మఖమల్ గుడ్డల మీద ఇరవై కత్తులు. అలల మెరుపులు, కొమ్ము పిడులు, వాటి మీద చెక్కిన పేర్లు. పెళ్ళికి తయారైనట్టున్నాయి అన్నీ. జడ్జీలు ఇద్దరు. ఒకాయన కత్తులు కొని గోడకు తగిలించుకునే పెద్దమనిషి. రెండో ఆయన ఒక పెద్ద హోటల్లో వంటమేస్త్రి. పెద్దమనిషి నన్ను ఎత్తి టమాటా మీద పెట్టి లాగాడు. టమాటా నలిగింది, రసం ఆయన చొక్కా మీద చిందింది.

“ఇది కత్తా, గరిటెనా?”

హాలంతా నవ్వింది.

“పదును నేనెట్ల పెడ్త సార్?” అన్నాడు సదానందం. “అది పట్టుకునేటోని పని.”

“పిడిలో ఈ సొట్ట ఏంటయ్యా?”

“సొట్ట గాదు సార్. వేలు.”

మళ్ళీ నవ్వు. వంటమేస్త్రి మాత్రం నవ్వలేదు. నన్ను తీసుకుని గుంటలో తన వేలు పెట్టి చూశాడు. కుదరలేదు. “ఎవరి చెయ్యి ఇది?” అని మెల్లగా అడిగాడు. ఆ హాల్లో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. కానీ మార్కుల కాగితంలో దానికి గడి లేదు. వంటమేస్త్రి తన సంచిలోంచి సానరాయి తీసి ముందు పెట్టాడు. “పది నిమిషాలు ఆగుతాం. పెట్టెయ్ సదానందం. మిగతా అంతా బాగుంది.”

సదానందం రాయి తడిపాడు. నన్ను దాని మీద వాల్చాడు. నేను లోపల అరిచాను: పెట్టవయ్యా! ఆచారం పొయ్యిలో పెట్టు, కొలిమి బతకాలి! ఆయన చెయ్యి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది. ఏ వాలు పెట్టాలి? మొగిలి వాలు ఆయనకు తెలియదు. టమాటా వాలు పెడితే నేనిక ఏ చెట్టుకూ పనికిరాను. రాయి మీంచి నన్ను ఎత్తి గుడ్డ మీద పెట్టేశాడు.

“వద్దు సార్. ఇది మొగిలిది.”

పదును గడిలో సున్నా. ఆర్డరు అలల మెరుపు కత్తి చేసినాయనకు దక్కింది. ఆయన తాటిచెట్టును కారు కిటికీలోంచే చూశాడట. పైగా పోటీకి వచ్చిన కత్తులన్నీ భవనానికే చెందుతాయని ఫారంలో ఉందట. సదానందం అడుగున సంతకం పెట్టాడు, చదవలేదు. చదివి వినిపించిన వాడూ లేడు. నన్ను వెనక్కి అడిగాడు. ఇవ్వలేదు. మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు.

గెలిచిన కత్తి నా పక్కనే ఉంటుంది. తళతళలాడుతుంది, పదునూ ఉంది. అదీ పోటీ రోజున కోసిన ఒక్క టమాటా తర్వాత దేన్నీ కోయలేదు. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

ఒక ఎండాకాలంలో, కింద రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. గీత కార్మికుల ధర్నా. అది అయ్యాక మొగిలి పైకొచ్చాడు, భుజాన చెట్టెక్కే మోకుతో. కుడి అరచేతికి గుడ్డకట్టు. సొసైటీ ఇచ్చిన కత్తులకు అందరికీ ఒకటే పిడి, ఎడమ చేతిలోంచి చెమటకు జారి తెగిందట. అద్దం ముందు నిలబడి నాతోనే అన్నాడు:

“కొలిమి తీసేసిండు సదానందమన్న. బస్టాండు కాడ గేట్లు వెల్డింగు జేస్తుండు. నువ్వు యాదికొస్తవట.”

ఎడమ చెయ్యి అద్దానికి ఆనించాడు. వంకర చిటికెన వేలున్న చెయ్యి అదే. నన్ను పట్టుకోవాల్సిన చెయ్యి. మధ్యలో గోరంత మందం అద్దం.

“ఓ పెద్దాయనా, అద్దం ముట్టుకోవద్దు!” అన్నాడు కాపలావాడు.

మొగిలి చెయ్యి తీశాడు, వెళ్ళిపోయాడు. అద్దం మీద చెమట ముద్ర మిగిలింది. నాలుగు వేళ్ళు నిటారుగా, ఒకటి వంకరగా. పిడిలో గుంట ఎదురుగా సరిగ్గా ఆ వంకర. సోమవారం తుడిచేవాళ్ళు వచ్చేదాకా అది అక్కడే ఉంది.