లేని తలుపుకు రబ్బరు రింగులు

మా ఫ్యాక్టరీలో రబ్బరు రింగులు పరీక్షించడం నా పని. జలాంతర్గామి తలుపు అంచున కూర్చుని నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రింగులవి. ఒక్కో రింగునూ ఉక్కు పెట్టె మూతకు బిగించి, నీళ్ళ తొట్టిలో ముంచి, లోపల తడి తగలకపోతేనే ముద్ర వేస్తాను. ఆ కొలత తలుపున్న జలాంతర్గామి నౌకాదళానికి ఒక్కటే ఉండేది. ఏడేళ్ళ కిందట మా ఆయనతో సహా సముద్రంలోకి దిగింది, మళ్ళీ పైకి రాలేదు. పాతికేళ్ళ ఒప్పందం కాబట్టి రింగులు మాత్రం ఆగలేదు.

"లేని తలుపుకి గొళ్ళెం చేస్తున్నాం," అని ఫోర్‌మన్ నవ్వుతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కోసారి పెట్టె మునిగాక లోపలినుంచి ఎవరో వేళ్ళతో తట్టినట్టు వినిపిస్తుంది. గాలి సర్దుకునే చప్పుడేనని తెలుసు. అయినా మూత విప్పేదాకా నాకు ఊపిరాడదు.

ఇంటికెళితే అత్త గుమ్మంలోనే అడుగుతుంది.

"ఇవాళ పంపారా?"

"పంపాం అత్తయ్యా."

"మరింకేం. పడవ లేకపోతే గవర్నమెంటు ఎందుకు కొంటుంది? వాళ్ళేమన్నా పిచ్చోళ్ళా?"

ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ బతుకుతోంది. ఈ ఏడాదితో ఒప్పందం ముగుస్తుందని, నిజం నా నోటితోనే చెప్పాల్సి వస్తుందని హడలిపోయాను. నిన్న గవర్నమెంటు ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంకో పదేళ్ళు పొడిగించారన్నాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"పడవే లేదు కదండీ, ఎందుకివి?"

"ఇప్పుడు ఆపితే అచ్చులు తుక్కుకి పోతాయమ్మా, పనివాళ్ళు తలోదిక్కూ పోతారు. రేపు కొత్త పడవ కట్టాలంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఆపడం కంటే నడపడమే చవక."

పదేళ్ళ పాటు రోజూ అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పడం నా వల్ల కాదనిపించింది. సాయంత్రం అత్త పక్కన కూర్చుని, ఇన్‌స్పెక్టరు అన్నది అన్నట్టే చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు.

"నాకు తెలీదనుకున్నావా పిచ్చిదానా? నాదీ అదే లెక్క. ఆపేస్తే నాకేం మిగులుతుంది?"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడే మళ్ళీ అంది.

"రేపు ఆ రింగులు కాస్త జాగ్రత్తగా చూడు. తడిస్తే వాడికి జలుబు చేస్తుంది."

"చూస్తాను అత్తయ్యా," అన్నాను.

ఇవాళ ప్రతి రింగునూ రెండేసి సార్లు ముంచాను.