కొట్లో పుట్టిన మాట

బరంపురం పెద్దబజారులో వెంకటరమణమూర్తిగారి కొట్టుకు జనం రెండింటి కోసం వచ్చేవారు. ఒకటి వలలు అల్లుకునే నూలు, రెండోది కబుర్లు. నూలుకు మూర్తిగారు గట్టిగా బేరం చేసేవారు. కబుర్లు మాత్రం ఉదారంగా పంచిపెట్టేవారు.

ఒరిస్సా కొత్త రాష్ట్రమై ఏడాది తిరిగింది. కొత్త ఆఫీసులు, కొత్త రోడ్లు, కొత్త వంతెనలు అంటూ ఊరంతా ఒకటే మాట. ఒకనాడు సముద్రపొడ్డు పల్లె మార్కండి నుంచి చేపల తట్టతో వచ్చి నూలు కొనుక్కుంటున్న దానమ్మతో ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"ఏటే దానమ్మా, ఇన్నావా? ఏటి మీద వంతెన నిలబడ్డం లేదట. స్తంభాల కింద పిల్లల తలకాయలు పెట్టాలట. గుండు గీసి, పసుపు పూసి, మోటారులో ఎత్తుకుపోతన్నారట."

"అమ్మో! నిజమేనా బాబూ?"

"నిప్పు లేందే పొగొస్తాదేటి?"

ఆయన చూసింది లేదు, చూసినవాణ్ణి ఎరిగిందీ లేదు. బేరాలు పలచబడ్డ పూట నోటికి పని కావాలి, అంతే. దానమ్మ మంచి మనిషే, పిల్లలున్న తల్లి. అందుకే భయపడింది. భయపడింది కనుకే చేపలమ్మిన ప్రతి ఊళ్ళోనూ, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండమ్మా అంటూ ఆ మాట చెప్పింది.

నెల తిరక్కుండా మూర్తిగారికి ప్రయాణం పడింది. అయిదేళ్ళ కూతురు వాసవి టైఫాయిడు నుంచి బతికి బయటపడితే తారాతారిణి అమ్మవారికి పిల్ల తలనీలాలు ఇస్తానని ఆయన భార్య మొక్కుకుంది. తీరా బయల్దేరే రోజున ఆవిడే చలిజ్వరంతో మంచం పట్టింది. మొక్కు వాయిదా వేయడం మంచిది కాదని మూర్తిగారు అద్దెకారు మాట్లాడుకుని, కూతురితో అమ్మవారి కొండకు వెళ్ళారు. కారు నడిపినవాడు శ్యామసుందర్ అనే ఒరియా డ్రైవరు. పెళ్ళయి ఆరునెలలు కాలేదు. దారి పొడుగునా పాటలు పాడి వాసవిని నవ్వించాడు.

మొక్కు తీరింది. తిరుగు దారిలో మిట్టమధ్యాహ్నం, ఒక పల్లె ముందర కారు ఆవిరి కక్కి ఆగిపోయింది.

పొలంలోంచి పైడయ్య అనే ముసలి రైతు పరుగున వచ్చాడు. ఆయన పిలిస్తే మరో నలుగురు వచ్చారు. అందరూ కలిసి కారును చెట్టు నీడకు తోశారు. ఇంజనుకు కుండలతో నీళ్ళు మోశారు.

"మజ్జిగ తాగండి బాబూ. ఎండ మండిపోతంది. మీ బండి ఎల్లేదాకా మేవుంటాం" అన్నాడు పైడయ్య.

వాళ్ళెవరో, ఈయనెవరో! లోకంలో మంచితనానికి ఏనాడూ కరువు లేదు. చదువరులు ఈ సంగతి మాత్రం మరచిపోవద్దు.

మొక్కు తీర్చుకుని వస్తూ దారిలో కనబడిన పిల్లలకు ప్రసాదం పెట్టడం మూర్తిగారి ఇంటి ఆనవాయితీ. మోటారు చూడ్డానికి మూగిన పిల్లల్ని ఆయన బెల్లపుండలు చూపించి దగ్గరికి పిలిచారు. అప్పుడే కారులో వాసవి నిద్ర లేచింది. గుండుకు పూసిన పసుపు చెమటకు కారి కళ్ళలో పడింది.

"అమ్మ కావాలి! నన్ను అమ్మ దగ్గరికి తీసుకుపో!" అని గుక్కపట్టి ఏడ్చింది.

నీళ్ళు తెచ్చిన ఒక ఇల్లాలు కారులోకి తొంగిచూసింది. మోటారు, గుండు, పసుపు, తల్లి కోసం ఏడ్చే పిల్ల. బయట తన కొడుకు చేతిలో బెల్లపుండ. ఆమె చేతిలోని కుండ కిందపడి పగిలింది.

"పిలాచొర! పిల్లల్ని ఎత్తుకుపోయేవోళ్ళు!"

పల్లె పల్లెంతా విరుచుకుపడింది. మూర్తిగారు "నా కన్నకూతురు, నా కన్నకూతురు" అంటూనే ఉన్నారు. మొదటి రాయి ఆయన నుదురు చీల్చింది. రెండో దెబ్బకు పళ్ళు రాలాయి. కిందపడినవాణ్ణి కాళ్ళతో తన్నారు. శ్యామసుందర్ కారు తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"పాపను ముట్టుకోకండి! చేతులు జోడిస్తాను, ముట్టుకోకండి!"

దొంగ కాకపోతే పిల్లను ఎందుకు వదలడంటూ మరింత రెచ్చిపోయారు. చేతులు విరగ్గొట్టారు. అయినా వాడు తలుపు వదల్లేదు. మజ్జిగ పోసిన ఆ పైడయ్యే కావడిబద్ద రెండు చేతులా ఎత్తి వాడి తల మీద కొట్టాడు. కారు అద్దమంతా నెత్తురు చిందింది. లోపల వాసవి ఏడుపు ఆగిపోయింది.

ఆ వేళకు దానమ్మ చేపలమ్ముకుంటూ అటు వచ్చింది. మూర్తిగారిని గుర్తుపట్టి, తట్ట విసిరేసి ఆయన మీద అడ్డంగా పడింది. ఒక కర్ర ఆమె మణికట్టు విరిచింది.

"ఆపండ్రా! ఈయన నూలు సావుకారు! ఆ గుంట ఈయన కూతురే! ఉయ్యాల్లో ఉన్నకాడ్నించీ నానెరుగుదును!"

"మోటారులో ఎత్తుకుపోతారని సెప్పింది నువ్వే గదే!" అని అరిచాడు పైడయ్య.

దానమ్మ నెత్తురు ముద్దయిన మూర్తిగారి ముఖం వైపు తిరిగింది.

"నాకు సెప్పింది ఈ బాబే" అంది.

ఎత్తిన కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మూర్తిగారు కాదనలేదు.

శ్యామసుందర్‌ని నాటుబండి మీద పట్నానికి తీసుకుపోయారు. ఎడ్లను తోలినవాడు పైడయ్యే. దారంతా గుండెలు బాదుకుని ఏడ్చాడు. బరంపురం పొలిమేర చేరకముందే శ్యామసుందర్ ప్రాణం పోయింది. వాడి చొక్కా పట్టుకున్న వాసవి చేతిని విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది. వాడి భార్య అప్పటికి నాలుగో నెల గర్భిణి.

పైడయ్యకు జైలు పడింది. విచారణలో మూర్తిగారు లేచి, "ఈ మాట పుట్టించినవాణ్ణి నేను, నన్నూ శిక్షించండి" అన్నారు. అడిగినదానికే జవాబు చెప్పమని కూర్చోబెట్టారు. ఆయన ఇంటికి వచ్చారు. వాసవి మళ్ళీ మాట్లాడడానికి ఏడాది పట్టింది.

ఆ తరువాత కొట్లో నూలు మాత్రమే దొరికేది. ఒకసారి ఎవరో బేరానికి వచ్చి, "బాబూ, ఇన్నారా? పక్కూరి బావిలో ఇసం కలిపేరట" అన్నాడు.

"నువ్వు సూసినావా?"

"లేదు బాబూ, అంటన్నారు."

మూర్తిగారు నుదుటి మీది మచ్చను తడుముకున్నారు.

"కళ్ళారా సూడని మాట నోట్లో పెట్టుకుని మొయ్యకు నాయనా. నేనొకటి మోసినాను. దానికి ఏ పాపమూ ఎరగనివోడి పాడె మొయ్యాల్సొచ్చింది."