కోడి ముక్కు నుంచి నూకరాజు గొంతు దాకా

నేను ఒక వైరస్‌ని. బర్డ్ ఫ్లూ అంటే మీకు తెలుస్తుంది. నాకు ప్రాణం ఉందో లేదో చదువుకున్నవాళ్ళకే ఇంకా తేలలేదు. నా ఆస్తల్లా ఒక తాళంచెవి. అది పక్షుల ఒంట్లో తలుపులకు సరిపోతుంది. లోపల దూరి, అక్కడి సరుకుతోనే నాలాంటివాళ్ళను కుప్పలుగా అచ్చు వేయిస్తాను. ఆ అచ్చులో తప్పులు దిద్దేవాడు లేడు. తప్పు పడ్డవాళ్ళు చాలామంది ఎందుకూ పనికిరారు. ఎప్పుడో ఒకడి తాళంచెవి మాత్రం కొత్త తలుపుకు పడుతుంది. మేం పైకొచ్చేది ఇలాగే. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కూడా సగంమంది ఇలాగే వచ్చారని నా అనుమానం. మాలో ఎవడైనా నేనే అనుకోండి, మాకు పేర్లు లేవు.

కొల్లేటికి వచ్చిన ఒక వలస బాతు నన్ను రెట్టలో వదిలి తన దారిన పోయింది. అక్కణ్ణుంచి పెంపుడు బాతుకి, దాన్నుంచి నూకరాజు పందెం పుంజుకి చేరాను. మనిషి జోలికి పోయే ఉద్దేశం నాకు లేదు. మనిషి గొంతులో తాళాలు వేరు. నాకు పనికొచ్చేవి ఊపిరితిత్తుల అడుగున ఎక్కడో ఉన్నాయి. అంత లోతుకు నన్నెవడు దింపుతాడు?

నూకరాజు దింపాడు. పుంజుకు గురక పట్టిందని దాని ముక్కు తన నోట్లో పెట్టుకుని కఫం పీల్చి ఉమ్మాడు. భార్య మంగతాయారు గుమ్మంలోంచి చూసింది.

"నాకు జొరమొస్తే నుదుటి మీద చెయ్యెయ్యలేదు గానీ, కోడి నోట్లో నోరెట్టాడు మహానుబావుడు," అంది.

నూకరాజు మంచం పట్టాడు. నేను అడుగునే ఉండిపోయాను, అతనెంత దగ్గినా పైకి రాలేను. ఇంతలో అచ్చు తప్పి, గొంతు తాళానికి సరిపోయేలా పుట్టాను. ఇక మంగతాయారు దగ్గరికొస్తే చాలు, ఆవిడా మంచం పడుతుంది, ఆ వెనక ఊరు పడుతుంది. ఆవిడేమో గంజి గిన్నె గడప దగ్గర పెట్టి, కర్రతో లోపలికి తోస్తోంది.

ఒక సాయంత్రం నూకరాజు నీరసంగా, "తాయారూ, ఇలా రా," అన్నాడు.

మొగుడి నోట తన పేరు విని ఎన్నాళ్ళయిందో, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మంచం దగ్గరికొచ్చింది. మాట వినబడక వంగబోయింది. నేను పెదవి మీద సిద్ధంగా ఉన్నాను.

"పుంజు మేత ముట్టిందా?" అన్నాడు.

ఆవిడ చటుక్కున వెనక్కి తగ్గి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపుకో, కోపానికో.

"అది పొద్దున్నే పోయింది. మీరు దానికి తోడెల్తారా, ఆసుపత్రికెల్తారా?"

అంబులెన్సువాళ్ళు ఒళ్ళంతా కప్పుకుని వచ్చారు. మందులు పడి నూకరాజు బతికాడు. అతని గొంతులో పుల్ల పెట్టి నన్ను తీసి, సీసాలో బిగించి, మంచుపెట్టెలో పడేశారు. ఇక్కడ ఆలోచించుకోవడం తప్ప పని లేదు. ఆ సాయంత్రం అతను పుంజు సంగతి కాక పెళ్ళాం సంగతి అడిగి ఉంటే, ఈపాటికి నేను బస్సులెక్కి దేశమంతా తిరుగుతూ ఉండేవాణ్ణి.