చల్లగది

ఎలిశబెతు చూపు మొదట ఎండల్లోనే తగ్గేది. అల్లూరులో చిన్నపిల్లల బడిలో రెండో తరగతి చెప్పే పంతులమ్మ ఆమె. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం బడి వదిలి నడుచుకుంటూ ఇంటికొచ్చేసరికి, గుమ్మంలో నిలబడ్డ మొగుడు పొగలో ఉన్నట్టు కనబడేవాడు. తలకు తడిగుడ్డ చుట్టుకుని గంటసేపు పడుకుంటే మళ్లీ అన్నీ మామూలుగా కనబడేవి. ఎండదెబ్బ అనుకున్నారు. పందొమ్మిది వందల యాభై తొమ్మిది నాటి సంగతి అది.

మరుసటి వేసవికి ఆమె కంటికి ఎర్రరంగు మాసిపోయింది. అప్పుడే కోసిన మందారప్పువ్వును చేతిలో తిప్పి చూస్తూ, "ఇది వాడిపోయిందా?" అని అడిగింది. ఆ తర్వాత జబ్బు కాళ్లకు పాకింది. బడి నాలుగు మెట్లెక్కేటప్పుడు కుడికాలు బరువై ఈడ్చుకుపోయేది. ఆ ఏడాది చివర ఆమె సెలవు పెట్టింది. సెలవు పొడిగించింది. ఆ బడికి మళ్లీ వెళ్లలేదు.

ఆమె భర్త పేరు సమాధానం. ఇళ్లకు కరెంటు వైరింగు చేసేవాడు. ఊళ్లోకి కరెంటు వచ్చిన కొత్తల్లో సగం ఇళ్లకు దీపాలు బిగించింది ఆయనే. పిల్లలు లేరు. ఉన్నది ఆ పెంకుటిల్లు, ఆయన పనిముట్ల సంచి, ఆమె పుస్తకాలు. అరవై ఒకటిలో ఆమెను మద్రాసు తీసుకువెళ్లి పెద్దాసుపత్రిలో చూపించాడు. అక్కడ తెలుగు తెలిసిన డాక్టరు ఒకాయన వారం రోజులు పరీక్షలు చేసి, సమాధానాన్ని పక్కకు పిలిచాడు.

"నువ్వేం పని చేస్తావు?"

"కరెంటు పని సార్."

"అయితే నీకు చెప్పడం తేలిక. వైరు మీది తొడుగు చితికిపోతే ఏమవుద్ది?"

"కరెంటు పోవాల్సిన చోటికి సరిగా పోదు సార్."

"మీ ఆవిడ నరాల మీది తొడుగు అట్లాగే పాడవుతోంది. వేడి తగిలితే ఉన్నది కూడా పనిచెయ్యదు. చల్లగా ఉంటే కొంచెం నయంగా ఉంటుంది. అంతే. చల్లదనం మందు కాదు. జబ్బు దాని పాటికి అది పెరుగుతూనే ఉంటుంది."

చల్లగా ఉంటే నయంగా ఉంటుందన్న ఒక్క మాట పట్టుకుని సమాధానం రైలెక్కాడు. మిగతావి కూడా ఆయన విన్నాడు గానీ, ఇంటికి తీసుకురాలేదు.

ఆ వేసవికి పడమటి కిటికీకి వట్టివేళ్ల తడికలు కట్టాడు. పైన రంధ్రాలు పెట్టిన రేకు గొట్టం అమర్చి, తొట్టిలోంచి నీళ్లు బొట్లుబొట్లుగా తడిక మీద పడేటట్టు చేశాడు. పడమటి వడగాలి ఆ తడిలోంచి దూరి చల్లగా, కమ్మటి వాసనతో లోపలికొచ్చేది. ఎలిశబెతు మొహం తేటపడేది. కానీ మధ్యాహ్నం దాటాక గాలి సముద్రం వైపు నుంచి మళ్లేది. అందరూ హమ్మయ్య అనుకునే వేళకు వాళ్లింట్లో గోడలు చెమ్మగిల్లి ఉక్క పట్టేది. తడిక ఎంత తడిపినా అంతే. గాలిలోనే నీళ్లుంటే తడికేం చేస్తుంది? ఆమె మళ్లీ మసకలోకి వెళ్లిపోయేది. సమాధానం చేతిలో చెంబుతో కిటికీ దగ్గర అలాగే నిలబడేవాడు.

అరవై మూడు మార్చిలో గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి బంగళాలో పనికి వెళ్లాడు. వాళ్లు కొత్త చల్లగాలి మిషను తెప్పించుకున్నారు. కిటికీలోంచి పాతదాన్ని దింపడం ఆయన పని. దింపి వరండాలో పెట్టాక దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అయ్యా, దీన్నేం చేస్తారు?"

"పాత ఇనుం వాడికి వేస్తాం. కాలిపోయింది గదా."

"కాలింది ఫ్యాను మోటారొకటే అయ్యా. నాకియ్యండి. ఈ పనికి కూలొద్దు."

బియ్యం బస్తాల లారీ మీద దాన్ని అల్లూరు తెచ్చాడు. మోటారుకు నెల్లూరులో కొత్త తీగ చుట్టించాడు. ఇంటికొచ్చి నెలరోజులు వేరే పని ముట్టలేదు. కిటికీ పక్కన గోడ పగలగొట్టి టేకు చట్రం బిగించాడు. లోపలి నీళ్లు బయటికి కారిపోవాలని మిషనును వీధి వైపు కాస్త వాల్చి కూర్చోబెట్టాడు. మీటరు నుంచి దానికోసమే లావుపాటి వైరు వేరుగా లాగాడు. పెరట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తు గొట్టం పాతాడు. పెంకుల సందుల్లోంచి చల్లదనం పోతుందని వాసాల కింద గోనెపట్టాలు, వాటి కింద ఈతచాపలు కొట్టాడు. తలుపు అంచులకు పాత పంచె చింపి మేకులతో కొట్టాడు. ఎలిశబెతు మంచం మీద కూచుని ఆ చప్పుళ్లన్నీ వినేది.

"ఇల్లు మొత్తం మూట కట్టేస్తుండావా ఏందయ్యా?"

"నువ్వు ఊరుకోమ్మే. చూద్దువుగాని."

పొలాల్లో మోటార్లు తిరిగే వేళ కరెంటు చాలేది కాదు. మిషను మూలిగి ఆగిపోయేది. ఓల్టేజి మీటరు పెట్టి నాలుగు రోజులు చూసి, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా నిలకడగా ఉంటుందని తేల్చుకున్నాడు. అయిదోరోజు రెండింటికి మొదట ఫ్యాను వేసి, కాసేపాగి చలి పుట్టించే రెండో మీట తిప్పాడు. ఇల్లు అదిరినట్టయింది. పక్కింటి మస్తానమ్మ ఇంట్లో వేలాడే బల్బు ఒక్కసారి ఎర్రబడి, మళ్లీ తేరుకుంది. మస్తానమ్మ పరుగెత్తుకొచ్చి గడపలో ఆగింది.

"మీ దీపం మందగించింది గదక్కా. ఏమీ అనుకోబాక" అన్నాడు సమాధానం.

"నా దీపానికేంలే నాయనా. పంతులమ్మకు కనబడుతుండాదా?"

గంటకు గది చల్లబడింది. ఎలిశబెతు గోడల వైపు చూసింది. పైన చాపలు చూసింది. తర్వాత మొగుడి వైపు చాలాసేపు చూసింది.

"చెవుల కాడ తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినాయయ్యా నీకు?"

సమాధానం చెవి పక్కన తడుముకున్నాడు. "రెండేళ్లయింది" అన్నాడు.

"ఎవురూ నాతో చెప్పలేదే!" అని ఆమె నవ్వింది.

ఆ వేసవంతా వాళ్లింట్లో మధ్యాహ్నం రెండు గంటల కోసం ఎదురుచూడటమే పని. రెండు కాగానే తలుపు మూసేవాడు. మూడు నుంచి ఆమె చదువుకునేది. గోడ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది. బడి పిల్లలు పలకలు పట్టుకొచ్చి, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడితే, వాళ్లు రాసినవి దిద్ది పంపేది. జూన్లో బడి తెరిచినప్పుడు, "వచ్చే ఏడుకు మళ్లీ పోతానేమో" అంది. సమాధానం ఆ మాటకు పొంగిపోయాడు. బడికి కూడా అట్లాంటి గది ఒకటి కట్టడానికి ఎన్ని గోనెపట్టాలు కావాలో లెక్కవేశాడు.

అరవై నాలుగు వేసవిలో కూడా మిషను చక్కగా తిరిగింది. రెండు కాగానే ఎలిశబెతే గోడ పట్టుకుని వెళ్లి మీట తిప్పేది. సమాధానం గదిలోకి రాగానే ఏదో ఒకటి అనేది. "ఆ నీలం చొక్కా చిరిగింది, ఇడిచెయ్యి." "మీసం పెదవి మీద పడతుండాది, కత్తిరించుకోరాదా?" ఆ మాటల కోసమే ఆయన ఎక్కడ పనిలో ఉన్నా మూడు గంటలకు ఇంటికొచ్చేవాడు. పిల్లలు మాత్రం పలకలు తేవడం మానేశారు. చలికి భయపడుతున్నారని ఆమె చెప్పింది.

మే నెలలో ఒకరోజు మంగలి చేతిలో కత్తి జారి సమాధానం మీసం ఒకవైపు సగం పోయింది. చేసేదిలేక మొత్తం తీయించేశాడు. ఇరవై ఏళ్లుగా ఉన్న మీసం. అద్దంలో ఎవరో కొత్తమనిషి కనబడ్డాడు. ఎలిశబెతు చూసి పగలబడి నవ్వుతుందని దారంతా తనలో తాను నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. గదిలోకి వెళ్లి, ఆమె ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూచున్నాడు.

ఆమె ఆయన వైపు తిరిగి చిరునవ్వు నవ్వింది.

"ఇయ్యాలన్నా ఆ మీసం కత్తిరించుకోలేదా నువ్వు?"

సమాధానం చెయ్యి పెదవి మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"రేపు కత్తిరించుకుంటాలే" అన్నాడు.

ఆ సాయంత్రం మిషను జాలీ విప్పి దుమ్ము కడిగాడు. మరునాడు నెల్లూరు నుంచి థర్మామీటరు తెచ్చి గోడకు తగిలించాడు. డెబ్బై రెండు ఫారెన్‌హీటు డిగ్రీలు చూపించింది. మిషను తప్పేమీ లేదు. అయినా మీట ఇంకా చలివైపు తిప్పాడు. ఆమె దుప్పటి భుజాల మీదికి లాక్కుని, పళ్లు టకటకలాడుతుంటే బిగబట్టుకుంది. "ఇయ్యాల బాగా కనబడుతుండాది" అంది.

నాలుగోరోజు పెరటి గోడ దగ్గర మస్తానమ్మ ఎదురైంది. కావలిలో కూతురింటికి వెళ్లి అప్పుడే వచ్చింది. సమాధానం మొహం చూడగానే ఆగిపోయింది.

"అయ్యో, మీసం ఎప్పుడు తీసినావు నాయనా? నేను ఊళ్లో లేకపోతినే!"

"నువ్వుంటే ఏం చేసేదానివక్కా?"

మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి, "సంక్రాంతి దాటినకాడి నుంచి ఆ తల్లికి చలిలో కూడా కనబడటం లేదు" అని చెప్పింది. "నువ్వు ఏం చొక్కా తొడుక్కుని పోయినావో, గదిలో ఏం మారిందో పొద్దున్నే నన్నడిగి తెలుసుకునేది. నీతో చెప్పబాకని నా చేత ఒట్టేయించుకుంది నాయనా."

ఆ మధ్యాహ్నం సమాధానం మిషను వేసి, గంటసేపు పీట మీద కూచున్నాడు. ఎలిశబెతుకు దగ్గు వచ్చింది. ఆయన లేచి ఆమె కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు తన పెదవి మీద పెట్టాడు.

ఆమె వేళ్లు అటూ ఇటూ కదిలాయి. అలాగే ఆగాయి.

"ఎప్పుడు?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులూ తెలిసి కూడా ఊరకున్నావా?"

"నువ్వు నాలుగు నెలలు ఊరకున్నావు గదా."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నువ్వు మూడు గంటలకు వచ్చేటప్పుడు అడుగుల సడి ఎట్టుండేదో నీకు తెల్దు" అంది. "పరిగెత్తినట్టు వచ్చేవాడివి. కనబడటం లేదని చెప్తే ఆ అడుగులు ఎట్టా మారతాయోనని భయమేసింది."

సమాధానం ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. పెళ్లయిన పదేళ్లలో ఆమె ఆయన ఏడుపు వినడం అదే మొదలు.

"ఏడవబాకయ్యా. ఒక వేసవంతా చూసినా గదా. నీవల్లే చూసినా." ఆయన తల నిమురుతూ, "దాన్ని ఆపెయ్యి. చలికి తట్టుకోలేకుండా ఉండా. ఈ మోతలో నీ మాట కూడా సరిగా ఇనబడటం లేదు" అంది.

ఆయన లేచి మీట ఆపాడు. తలుపు తీశాడు. వీధిలోని మాటలన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చాయి.

వారం తర్వాత మిషను దింపి, ఆ చోట కిటికీ పెట్టాడు. ఎలిశబెతు మంచం దాని పక్కకు జరిపాడు. పిల్లలు బయట నిలబడి ఎక్కాలు చెబితే ఆమె లోపలి నుంచి తప్పులు దిద్దేది. రెండేళ్లు అట్లా గడిచాయి. క్రమంగా చేతులు కూడా పడిపోయాయి. అన్నం సమాధానమే తినిపించేవాడు. అరవై ఆరు నవంబరు వానల్లో జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కి ఆరు రోజులకు ఎలిశబెతు చనిపోయింది. చివరి రోజున మొగుడి మొహం రెండు చేతులతో తడమాలని ప్రయత్నించింది గానీ చేతులు లేవలేదు. ఆయనే వంగి తన మొహం ఆమె అరచేతుల్లో పెట్టాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్లలో నెల్లూరులో డాక్టర్ల ఇళ్లకూ మిల్లు యజమానుల ఇళ్లకూ చల్లగాలి మిషన్లు రావడం మొదలైంది. బిగించడం తెలిసినవాళ్లు తక్కువ. అందరూ సమాధానానికే కబురు పెట్టేవాళ్లు. వంక పెట్టడానికి లేకుండా పనిచేసేవాడు. మిషను వేసి, చల్లగాలి రావడం అరచేతితో చూసుకుని, వెంటనే సంచి సర్దుకునేవాడు. గది చల్లబడేదాకా కూచుని కాఫీ తాగి వెళ్లమంటే, వేరేచోట పనుందని చెప్పి ఎండలోకి వెళ్లిపోయేవాడు.