పటిక నీళ్లలో ముంచిన గౌను

అగ్లాయే గౌను అంచును నాలుకకు తాకించి చూసింది. వగరుగా తగిలింది. పటిక బాగానే పట్టింది.

కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుతురుకు అడ్డంగా పట్టింది. పసుపు ఛాయ లేదు. మూడు రోజుల కష్టం అది. మొదటి రోజు పటిక నీళ్లలో ముంచిన గుడ్డముక్క ఆరాక అట్టలా బిగుసుకుపోయింది. రెండో రోజుది పాత దంతం రంగుకు తిరిగింది. మూడో రోజు పటిక తగ్గించి, చిటికెడు నీలిమందు కలిపి, అసలు గౌనునే ముంచి నీడలో ఆరబెట్టింది. తర్వాత ఒక్కో పొరనూ అరచేతుల మధ్య నలిపి మెత్తబరిచింది. ఇప్పుడది మిగతా గౌనుల్లాగే తెల్లగా, తేలిగ్గా వేలాడుతోంది. నడుంపట్టీ లోపల సిరాతో రాసిన అంకె పదకొండు. ఆమె కూతురు క్లెమాన్స్ గౌను.

ఎవరూ కనిపెట్టలేరు అనుకుంది అగ్లాయే. అనుకుందేగానీ ఆమె గుండె కుదుటపడలేదు.

పారిస్‌లోని ఆ నాట్యశాలలో పటిక తొట్టి పెట్టి రెండేళ్లయింది. అంతకుముందు లేదు. రెండేళ్ల కింద సొలాంజ్ అనే పదిహేడేళ్ల పిల్ల, తన వంతు కోసం పక్కతెర చాటున ఉన్న బల్ల మీద కూర్చోబోయింది. నాట్యకత్తెలందరికీ ఉన్న అలవాటే ఆమెకూ ఉంది. కుచ్చులు నలగకుండా గౌను పొరలన్నీ పైకెత్తి మరీ కూర్చుంటారు. ఆ ఎత్తిన విసురుకు పక్కనున్న గ్యాసుదీపం మంట ఇటు వంగింది. తర్వాత జరిగినదంతా ఊపిరి నాలుగుసార్లు తీసినంతలో అయిపోయింది. అక్కడే గౌనులు కుట్టే అగ్లాయే, దుప్పటి వచ్చేలోగా మంటను చేతులతోనే అణచబోయింది. ఆమె ఎడమచేతి వేళ్లు మూడు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అరచేతికి స్పర్శ లేదు. సొలాంజ్ బతకలేదు.

యాజమాన్యం వెంటనే హుకుం జారీ చేసింది. పటిక పట్టిన గుడ్డ మండదు కాబట్టి ప్రతి గౌనూ పటిక నీళ్లలో ముంచాల్సిందే. ఆడపిల్లలు గొడవకు దిగారు. "అట్టపెట్టెలు తొడుక్కుని గాల్లోకి ఎగరమంటారా?" అన్నారు. చివరికి ఒక రాజీ కుదిరింది. ముంచడం ఇష్టం లేనివాళ్లు కాగితం రాసిస్తే చాలు: 'నా గౌను ముంచవద్దు. ఏం జరిగినా పూచీ నాదే.' నాట్యకత్తెలు ఇరవై నలుగురూ రాసిచ్చారు. క్లెమాన్స్ అందరికంటే ముందు రాసింది.

"నా చెయ్యి చూసి కూడా సంతకం పెట్టావా?" అని అడిగింది అగ్లాయే ఆ రోజు.

"నీ చెయ్యి చూసే కదమ్మా నేను దీపాలకు అల్లంత దూరాన నిలబడేది. సొలాంజ్ పరధ్యానం మనిషి. నేను కాను."

"నిప్పు మనిషిని చూసి అంటుకోదే!"

"ముంచిన గౌను ఎగరదమ్మా. నేను గెంతి కిందికి దిగినా అది పైనే ఉండి నెమ్మదిగా రావాలి. జనం చూసేది అదే. అది లేకపోతే నేను వెనక వరసలో ముసలిదాన్నయ్యేదాకా ఊగుతూ ఉండాల్సిందే."

ఈ సాయంత్రం క్లెమాన్స్ మొదటిసారి ఒంటరిగా ఆడబోతోంది. సరస్సు మీద పొగమంచు కన్య. మూడు నిమిషాల నాట్యం. ఆఖరున ఒక పెద్ద గెంతు. ఆ గెంతుతోనే ఎడమ పక్కతెరలోకి మాయమవ్వాలి. ఆ తెర పక్కనే ఎనిమిది మంటల దీపస్తంభం ఉంది. సాధన జరిగిన ప్రతిసారీ అగ్లాయే అక్కడ నిలబడి కొలుచుకుంది. గౌను అంచుకూ మంటకూ మధ్య మూర దూరం. ఒక్కోరోజు మూర కూడా లేదు.

కూతురికి ఆ గౌను అగ్లాయేనే తొడిగింది. వెనక కొక్కేలు పెట్టింది. క్లెమాన్స్ అద్దం ముందు ఒక్క చుట్టు తిరిగి ఆగింది. తల కొంచెం పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు నిలబడింది.

"ఏమే?" అంది అగ్లాయే.

"ఏం లేదమ్మా. బాగుంది." క్లెమాన్స్ వంగి తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టింది. "నీ చేతి పని ఎప్పుడు బాగాలేదు గనక?"

కుట్టుగది నుంచి పిలుపు వచ్చింది. ఎవరిదో రవిక కుట్టు విడిపోయిందట. అగ్లాయే వెళ్లి పావుగంటలో తిరిగొచ్చేసరికి అలంకరణ గది ఖాళీ అయింది. పిల్లలందరూ కిందికి దిగిపోయారు. వాద్యాలు మొదలయ్యాయి.

ఆమె కూడా ఎడమ పక్కతెరకు చేరింది. అక్కడ కాపలా ఉండేది, మంటలార్పే బార్నబే. నీళ్ల బాల్చీ మీద తడిదుప్పటి వేసుకుని, మీసం నిమురుకుంటూ కూర్చున్నాడు.

"వచ్చావా మదాం? నీ కూతురి కోసం నేను రెండు కళ్లూ ఇక్కడే పెట్టుకు కూర్చున్నాగా."

"నీ కళ్లు ఎటు చూస్తున్నాయో నాకు తెలుసులే. దుప్పటి తడిగా ఉందా?"

"పిండితే సేన్ నది పారుద్ది."

పక్కతెర చాటున చీకటి. దీపాల వెలుగంతా రంగస్థలం వైపే ఉంది. తెల్లగౌనుల పిల్లలు ఒకే ఎత్తులో, ఒకే కొప్పుతో గుంపుగా నిలబడ్డారు. వెనకనుంచి చూస్తే ఎవరు ఎవరో ఆ దేవుడికే తెలియాలి. అగ్లాయే కూతురి కోసం వెతికింది. కనబడలేదు. ముఖాలు చూద్దామంటే ఒక్కతీ ఇటు తిరగడం లేదు.

అప్పుడు సన్నగా వేణువు మొదలైంది. అది క్లెమాన్స్ పాట. గుంపు కదిలింది. ముందుకు వెళ్లే ఎవరికో దారి ఇస్తూ ఒకరినొకరు తోసుకున్నారు. దీపస్తంభం పక్కనున్న పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె గౌను అంచు మంటలోకి వెళ్లింది.

అగ్లాయే అరిచిందో లేదో ఆమెకే తెలియదు. బార్నబే దుప్పటితో దూకాడు. పిల్లను నేల మీద పడేశాడు. పొగ లేచింది. మాడిన వాసన కొట్టింది. అంతే. మంట మాత్రం రాలేదు. అంచు మీద పళ్లెమంత నల్లటి మచ్చ, దాని చుట్టూ సన్నటి ఎర్రగీత. భగ్గుమనాల్సింది రెండు క్షణాల్లో చల్లారిపోయింది.

అగ్లాయే మోకాళ్ల మీద కూలబడి ఆ మాడిన అంచును నోట్లో పెట్టుకుంది. వగరు!

"నిలిచింది," అంది. "తల్లీ, పటిక నిలిచింది. క్లెమాన్స్..."

దుప్పటిలోంచి ముఖం బయటికి వచ్చింది. అది క్లెమాన్స్ కాదు. తోటి నాట్యకత్తె జెలీ.

"నేను పెద్దమ్మా," అంది జెలీ పళ్లు కొట్టుకుంటూ. "నేను కాలిపోయానా? చెప్పు, కాలిపోయానా?"

"నీకీ గౌను ఎక్కడిది?"

"నాదే. కొక్కేనికి ఉంది, తొడుక్కున్నా. కొంచెం కరుగ్గా అనిపించింది. గంజి ఎక్కువైందేమో అనుకున్నా."

అగ్లాయే నడుంపట్టీ తిప్పి చూసింది. పదకొండు. అలంకరణ గదిలో తల వంచి విన్న కూతురి ముఖం గుర్తొచ్చింది. పటిక పట్టిన మస్లిన్ కదిలితే సన్నగా గరగరమంటుంది. పన్నెండేళ్లుగా గౌనులు తొడుక్కుంటున్న పిల్లకు ఆ చప్పుడు తెలియదా? బాగుందమ్మా అని ముద్దు పెట్టి, తల్లి అటు వెళ్లగానే జెలీ గౌనుతో మార్చేసుకుంది.

ఈ నాట్యశాల మొత్తానికి ముంచిన గౌను ఒక్కటే. అది ఇక్కడ నేల మీద ఉంది.

ఆమె లేచి తెర అంచు పట్టుకుని చూసింది. రంగస్థలం మధ్యలో క్లెమాన్స్ ఆడుతోంది. ఆమె దిగుతోంది, గౌను ఆమె వెనక నెమ్మదిగా దిగుతోంది. ఎంత అందంగా ఉందో అంత భయం వేసింది అగ్లాయేకి. ఎండిన మస్లిన్ పదకొండు పొరలు. ఆ పొరల మధ్య నిండా గాలి.

"బార్నబే, ఆ స్తంభం ఆర్పు."

"నీకు మతి పోయిందా మదాం? ఆట మధ్యలోనా? అది గ్యాసు మేస్త్రీ పని. కిందున్నాడు. నేను చెయ్యి పెడితే రేపు నన్ను వీధిలో నిలబెడతారు."

"దాని గౌను ముంచలేదు."

"దుప్పటి ఉందిగా నా దగ్గర!"

"దుప్పటి సొలాంజ్‌కీ కప్పారు."

బార్నబే స్తంభం వైపు ఒకసారి చూశాడు. కానీ అతని చెయ్యి కదల్లేదు.

వేణువు ఆగి ఫిడేళ్లు అందుకున్నాయి. ఇక పదహారు లెక్కలు. పదహారో లెక్కకు గెంతు. సాధనలో అగ్లాయే అన్నిసార్లూ లెక్కపెట్టింది. కింద మేస్త్రీ దగ్గరికి మెట్లు ఇరవై రెండు. అందదు. కేక వేస్తే? ఫిడేళ్లలో వినబడదు. వినబడినా ఆ పిల్ల ఆగదు.

ఐదు. ఆరు.

స్తంభానికి గ్యాసు ఆపే ఇత్తడి మర అడుగు మంటకు జానెడు కింద ఉంది. దాన్ని మేస్త్రీ తోలు చుట్టిన పటకారుతో తిప్పుతాడు. పటకారు అతని నడుముకే ఉంటుంది. అగ్లాయే కుడిచెయ్యి వేసి వెంటనే లాగేసుకుంది. వేళ్ల చర్మం దానికి అంటుకుంది.

తొమ్మిది.

ఎడమచెయ్యి వేసింది. స్పర్శ లేని చెయ్యి అది. అతుక్కున్న వేళ్లతో మరను పట్టి బలమంతా పెట్టింది. కదల్లేదు. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. నొప్పి మాత్రం తెలియలేదు. భుజం ఆనించి తోసింది.

పదమూడు.

మర కిర్రుమంది. ఎనిమిది మంటలు నీలంగా కుంగాయి, చిట్లాయి, ఆరిపోయాయి. రంగస్థలం ఎడమ సగం ఒక్కసారిగా చీకటైంది.

క్లెమాన్స్ అప్పటికే గాల్లో ఉంది.

ఆమె చీకట్లోకి దూకి తల్లి మీద పడింది. ఇద్దరూ స్తంభాన్ని గుద్దుకుని కిందపడ్డారు. పదకొండు పొరల మస్లిన్ గాల్లో ఒక క్షణం ఆగి, మెల్లగా దిగి, ఆరిపోయిన ఆ ఎనిమిది దీపాల మీద పరుచుకుంది. ఇంకా చల్లారని దీపాల వేడికి అంచు కమిలి గోధుమరంగు తిరిగింది. అగ్లాయే దాన్నే చూస్తూ ఉండిపోయింది.

బయట హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత చప్పట్లు పడ్డాయి.

"ఏం చేశావమ్మా!" క్లెమాన్స్ గుసగుసగా అరిచింది. కళ్లనిండా నీళ్లు. "పన్నెండేళ్లు ఎదురు చూశా! ఒక్క గెంతు! దాన్ని చీకట్లో కలిపేశావు!"

నాట్యం నేర్పే తావెర్నో మేస్టారు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు? ఏ గాడిద ఆర్పింది ఆ దీపాన్ని?"

బార్నబే బూట్లు చూసుకున్నాడు.

"నేనే మేస్టారూ," అంది అగ్లాయే.

మేస్టారు హాలు వైపు చెవి ఒగ్గాడు. చప్పట్లు ఆగడం లేదు. ఎవరో క్లెమాన్స్ పేరు పెట్టి అరుస్తున్నారు. పొగమంచు కన్య కళ్లముందే మాయమైందని వాళ్లు అనుకున్నారు.

"రేపటినుంచి రోజూ ఆ స్తంభం అక్కడే ఆరాలి," అన్నాడు గొంతు తగ్గించి. "మేస్త్రీతో నేను చెబుతా. నువ్వు మాత్రం ఇక వెలిగే దీపాల దగ్గర అడుగు పెట్టావో, తల్లివని కూడా చూడను. ఆఖరి రంగానికి ఏడు నిమిషాలుంది. అందరూ కుడివైపుకి!"

కుడివైపు రెండు స్తంభాలు. పదహారు మంటలు.

మేస్టారు వెళ్లాక జెలీ దుప్పటి కప్పుకుని దగ్గరకొచ్చింది. మాడిన అంచును చేతిలో పట్టుకుని క్లెమాన్స్ ముందు నిలబడింది.

"నీ గౌను కరుగ్గా ఉందని నాకు తగిలించావ్, అవునా? కుళ్లుబోతుదానా! ఇప్పుడు నీకు దండం పెట్టాలా, చెంప పగలగొట్టాలా? నువ్వే చెప్పు."

క్లెమాన్స్ ఆ నల్లటి మచ్చనే చూస్తోంది. ముందుకు వంగి దాన్ని వేలితో తాకింది. తర్వాత తన ఒంటి మీది గౌనును చూసుకుంది. తల్లి చేతిని చూసింది. మరకు అంటుకుపోయిన అరచేయి పచ్చిగా మెరుస్తోంది.

ఆమె రెండు చేతులూ నెమ్మదిగా పక్కలకు ఎత్తి పట్టుకుంది. తన గౌనే తనను కరుస్తుందేమోనన్నట్టు నిలబడిపోయింది.

"అమ్మా," అంది. "వెనక కొక్కేలు తియ్యి. త్వరగా తియ్యమ్మా."

"ఇంకో గౌను లేదే. ఉన్నవన్నీ ముంచనివే."

"అదిగో, అది ఉంది కదా." క్లెమాన్స్ జెలీ ఒంటి మీది గౌనును చూపించింది.

"నాకేం, తీసుకో," అంది జెలీ. "నేనివాళ ఇక ఆడను. కాళ్లు నిలబడట్లేదు."

మచ్చ పళ్లెమంత ఉంది. ముందు వరసలో ఆడే పిల్ల దానితో వెళ్లలేదు. అగ్లాయే జేబులో చెయ్యి పెట్టింది. మొదటి రోజు ముంచిన గుడ్డముక్క ఇంకా అక్కడే ఉంది, అట్టలాగా. దాన్ని మచ్చ మీద పెట్టి చూసింది.

"బిరుసుగా ఉందమ్మా," అంది క్లెమాన్స్.

"అవును."

"ఫర్వాలేదు... కుట్టు."

ఎడమచెయ్యి పనికి రాలేదు. కుడిచేతి వేళ్లు బొబ్బలెక్కాయి. సూదిలో దారం జెలీ ఎక్కించింది. బార్నబే గుడ్డ బిగించి పట్టుకున్నాడు. ఏడో నిమిషంలో అగ్లాయే దారం పంటితో తెంపింది. క్లెమాన్స్ కుడి పక్కతెరకు పరుగెత్తింది.

రావద్దన్న చోటికి అగ్లాయే వెళ్లలేదు. ఎడమవైపు చీకట్లో, ఆరిన స్తంభం పక్కనే నిలబడింది. అక్కడినుంచి కుడివైపు దీపాలు కనబడవు. కళ్లు మూసుకుని చెవి ఒగ్గింది. ఫిడేళ్ల కింద, అంతమంది అడుగుల కింద, ఒక గౌను గరగరమంటోంది. దూరంగా వెళ్లింది. చాలాసేపు వినబడలేదు.

మళ్లీ వినబడింది.