తోలు తగలని దూది

మిల్లు కూత వేసి చాలాసేపయింది. లోపల పత్తి నుంచి గింజ తీసే జిన్నులు కదల్లేదు. వాటికి పత్తి అందించే ఆడవాళ్లమంతా గేటు బయటే కూర్చున్నాం. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన పత్తిబండ్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. నాకు కాళ్లు నిలవడం లేదు. లేస్తాను, నాలుగడుగులు వేస్తాను, మళ్లీ కూలబడతాను.

"కాలుగాలిన పిల్లి మాదిరి తిరగాకు హనుమంతీ," అంది మద్దమ్మ. పని పోయింది తనకి. తనేమో నిమ్మళంగా ఉంది, ఉడికిపోయేది నేను!

కర్నూలు రాజధాని అయిన ఏడాదే మా ఆదోని మిల్లుకు జనార్ధన్ మేనేజరుగా వచ్చాడు. నిన్న సాయంత్రం గేటు దగ్గర మా కొంగులు దులిపించాడు. మద్దమ్మ ఒడిలో పిడికెడు దూది దొరికింది.

"పెద్దమ్మగారు అడిగినారు సామీ," అంది మద్దమ్మ.

"సావుకారి ఇంట్లో దూదికి కరువా? దొంగ! రేపటి నుంచి రావద్దు," అన్నాడు. అందుకే ఈ పొద్దు ఎవరమూ లోపలికి పోలేదు.

అది నిజంగా మా మిల్లు సావుకారి తల్లి ఈశ్వరమ్మ కోసమే. జిన్ను రోలర్లకు తోలు తొడుగుతారు. తోలు తగిలిన దూది దీపానికి పనికిరాదని ఆమె పట్టింపు. అందుకే మద్దమ్మ ప్రతి శుక్రవారం సంగటి తినే వేళ చేత్తో గింజలు వలిచి ఇంత దూది తీసేది. ఈ సంగతి సావుకారు బాలకృష్ణయ్యకు తెలుసు. నిన్న అక్కడే కుర్చీలో ఉన్నాడు కూడా. నోట్లో వక్క వేసుకుని ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంతలో జట్కా వచ్చి ఆగింది. ఈశ్వరమ్మ దిగింది. సావుకారూ మేనేజరూ గేటు దాటి పరుగున వచ్చారు.

"మద్దీ, దూది తేలేదేమే? శనివారం పూట దీపానికి వత్తి లేదు," అంది ఈశ్వరమ్మ.

మద్దమ్మ లేచి నిలబడింది. "అది దొంగసొమ్మంటమ్మా. దేవునికెట్ల పెడతావు?"

ఈశ్వరమ్మ కొడుకు వైపు తిరిగింది. "దొంగసొమ్మేందిరా? తెమ్మన్నది నేనే కదా!"

"సరేలే మద్దమ్మా, లోపలికి పో. అందరూ పోండి," అన్నాడు సావుకారు మా వైపు చూడకుండా.

కూలి దక్కిందని నేను గభాలున లేచాను. మద్దమ్మ కదల్లేదు.

"దొంగ అన్నది ఈడ, అందరి ముందర. కాదన్న మాట గూడా ఈడనే అనాల సామీ."

నేను మళ్లీ కూర్చున్నాను. మేనేజరు తన బూట్లు చూసుకున్నాడు.

"అమ్మా, నువ్వు బండెక్కు," అన్నాడు సావుకారు.

ఈశ్వరమ్మ ఎక్కలేదు. "చెప్పు నాయినా. నేనింకా దీపం పెట్టుకోవాల."

సావుకారు పక్కకు తిరిగి నోట్లోని వక్క ఉమ్మేసి, మద్దమ్మ ముఖంలోకి చూశాడు.